మట్టిని ఏమని అడగాలి?

మీ ఇంట్లో భూసార పరీక్ష కార్డు ఉందా? ఉంటే ఒకసారి తీసి చూడండి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం. మొత్తం 12. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన కార్డు ఇది. ఇప్పుడు చెప్పండి, ఇందులో సీసం ఎక్కడుంది? ఆర్సెనిక్? పాదరసం? కాడ్మియం? ఎంత వెతికినా దొరకవు. పంటకు ఏం తక్కువైందో చెప్పడానికి పుట్టిన కార్డు అది. మనిషికి ఏం ఎక్కువైందో దాన్ని ఎవరూ అడగలేదు, అదీ చెప్పలేదు.

అయినా ఫ్యాక్టరీ గోడ పక్కన తోటకూర వేసే రైతు ధీమాగా అంటాడు: “మాకు మట్టి పరీక్ష అయిందండీ, బాగుందన్నారు.” ఆయన అబద్ధం చెప్పడం లేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చిందనుకుంటున్నాడు, అంతే.

“రాగి, జింకు ఉన్నాయిగా కార్డులో?” అంటారా? అక్కడా ఒక మెలిక ఉంది. భూసార పరీక్షలో మట్టిని తేలికపాటి ద్రావణంతో కడిగి, మొక్క వేరు అందుకోగలిగిన భాగాన్నే లెక్కిస్తారు. కాలుష్య పరీక్షలో ఘాటైన ఆమ్లాల్లో ఉడికించి, బయటికి రాగలిగినంత లోహాన్ని రాబట్టి కొలుస్తారు. ఒకే పొలంలో ఒకే రోజు తీసిన మట్టికి ఈ రెండు పద్ధతుల్లో వేర్వేరు అంకెలు వస్తాయి. రెండూ నిజమే. ఒకదాన్ని పట్టుకుని రెండోదాని హద్దుతో పోల్చడమే తప్పు.

కాబట్టి ఈ అధ్యాయం భూసారం గురించి కాదు. మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలాన్ని చదును చేసి అమ్ముతున్న వెంచర్లో ప్లాటు చూసి వచ్చారా? మీ పొలం పక్క వాగు ఎండాకాలంలో రంగు మారుతోందా? అపార్ట్‌మెంట్ పార్కులో పోయించిన మట్టి ఎక్కడిదో ఎవరికీ తెలియదా? అయితే మీకోసమే. కెమిస్ట్రీ చదివి ఉండాల్సిన పని లేదు. ఓపిక, ఒక నోటుపుస్తకం, కొంచెం మొండితనం చాలు.

1. తవ్వే ముందు నేల చరిత్ర తవ్వండి

“మట్టిలో ఏమేం రసాయనాలున్నాయో అన్నీ చూసి చెప్పండి” అని ల్యాబ్‌వాళ్లని అడిగేవాళ్లు చాలామంది. అలాంటి పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. వేల రసాయనాలున్నాయి, ఒక్కో కుటుంబానికి ఒక్కో యంత్రం, ఒక్కో పద్ధతి. మీరు సీసం అడిగితే సీసమే చూస్తారు. పక్కనే బెంజీన్ గుప్పుమంటున్నా రిపోర్టులోకి ఎక్కదు.

అందుకే ముందు అనుమానితుల జాబితా రాసుకోవాలి. ఈ నేల మీద ఇంతకుముందు ఏం జరిగింది? పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించేవాళ్లా? అయితే మొదట సీసం, తర్వాత యాంటిమొనీ. క్రోమ్ ప్లేటింగ్ షెడ్డా? షడ్‌బలక (హెక్సావలెంట్) క్రోమియం, నికెల్. కంప్యూటర్ల తుక్కు, కేబుళ్లు కాల్చేవాళ్లా? సీసం, రాగి, వాటితోపాటు కాలినప్పుడు పుట్టే డయాక్సిన్లు. పాత పెట్రోల్ బంకయితే బెంజీన్, టాల్యూయిన్ లాంటి ఆవిరయ్యే రసాయనాలు. బల్క్ డ్రగ్ కంపెనీ ట్యాంకర్లు రాత్రిపూట వాగులో వదిలేవన్న మాట ఊళ్లో ఉంటే ద్రావకాలు, లోహాలు రెండూ. థర్మల్ కేంద్రం బూడిద చెరువు పక్కనైతే ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్. పురుగుమందుల గోదాం ఉన్న చోటైతే పాత మందులను మరవకండి. సేద్యంలో డీడీటీని 1989లో ఆపేశారు, ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. కాగితం మీద ఆగినంత త్వరగా డీడీటీ లాంటివి నేలలోంచి పోవు. సీసం అసలే పోదు. సీసం కలిపిన పెట్రోలును దేశం 2000లో వదిలించుకుంది కానీ, పాత రహదారుల అంచున అప్పటి సీసం ఇంకా ఉండొచ్చు.

ఈ చరిత్ర ఎక్కడ దొరుకుతుంది? పంచాయతీ రికార్డుల్లో కొంత, పాత ఉపగ్రహ చిత్రాల్లో కొంత. ఎక్కువ భాగం మాత్రం టీకొట్టు దగ్గర, అక్కడ ఇరవై ఏళ్లు పనిచేసి రిటైరైన వాచ్‌మన్ దగ్గర దొరుకుతుంది. “పెద్దాయనా, డ్రమ్ములు ఎక్కడ పెట్టేవాళ్లు? కడిగిన నీళ్లు ఎటు పోయేవి? గొయ్యి తీసి ఏమైనా పూడ్చారా?” ఈ మూడు ప్రశ్నలు అడగండి. ఖరీదైన యంత్రాలకు దొరకని జవాబులు వస్తాయి.

మీ ప్రాంతం గురించి ఇప్పటికే ఎవరైనా చదివి రాశారేమో కూడా చూడండి. పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామికవాడల మట్టిలో భార లోహాలను హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు కొలిచి పరిశోధన పత్రాలు వేశారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 43 పారిశ్రామిక ప్రాంతాలను తీవ్రంగా కలుషితమైనవిగా గుర్తిస్తే, పటాన్‌చెరు–బొల్లారం, విశాఖపట్నం రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. పటాన్‌చెరు సంగతి చిత్రమైనది. ప్రపంచమంతా మెట్ట పంటల పరిశోధనకు చూసే ఇక్రిశాట్ ఉన్నది ఆ ఊరి పక్కనే. పరిశ్రమల మురుగుతో పాడైన పొలాల మీద 1990లో సుప్రీంకోర్టుకు కేసు వెళ్లిందీ ఆ ప్రాంతం నుంచే.

2. ఈ నేలతో మీరేం చేయబోతున్నారు?

ఈ ప్రశ్నకు జవాబును బట్టి ఎంత లోతున తవ్వాలో తేలుతుంది. పిల్లలు ఆడుకునే చోటు గురించి మీ బెంగ అయితే పై రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ముఖ్యం, చేతికి అంటి నోట్లోకి పోయేది అదే. కూరగాయలు వేస్తారా? దుక్కి లోతు, అంటే 15 సెంటీమీటర్ల వరకు. ఇల్లు కడతారా, బోరు వేస్తారా? ఇంకా కిందికి పోవాలి.

ఇక్కడ వెంచర్ల గురించి ఒక మాట. పాత షెడ్డు కూల్చి, పైన అడుగున్నర ఎర్ర మొరం పరిచి, రోలర్ తిప్పి, తెల్ల సున్నం గీతలు గీస్తే ఏ నేలైనా ముద్దొస్తుంది. మీరు పైన గుప్పెడు మట్టి తీసి ల్యాబ్‌కి పంపితే రిపోర్టు బ్రహ్మాండంగా ఉంటుంది. అది ఏ గుట్ట నుంచో తెచ్చిన మొరం గురించి వచ్చిన రిపోర్టు! మీరు కొనేది దాని కింద ఉన్న నేలని. మట్టి రంగు మారేదాకా తవ్వండి. రంగు మారిన పొరను విడిగా తీసి, విడిగా పంపండి.

3. ల్యాబ్‌కి ముందు ఫోన్ చేయండి, తర్వాత తవ్వండి

వరస తప్పితే డబ్బు వృథా. చాలామంది మట్టిని కిరాణా కొట్టు క్యారీ బ్యాగులో కట్టుకుని వెళ్లి కౌంటర్ మీద పెడతారు. కొన్ని పరీక్షలకు ఆ మట్టి అప్పటికే పనికిరాకుండా పోయి ఉంటుంది. ఫోన్లో మాట ఇలా సాగాలి:

“నమస్తే అండీ. మట్టిలో సీసం, కాడ్మియం, క్రోమియం చూడాలి. మీకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా?”

“ఉందండీ.”

“నీళ్లకా, మట్టికా? మట్టిలో ఈ మూడింటికీ ఉందా?”

ఈ రెండో ప్రశ్న దగ్గరే అసలు విషయం బయటపడుతుంది. ఎన్‌ఏబీఎల్ అంటే ల్యాబుల సామర్థ్యాన్ని చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ మండలి. ఆ గుర్తింపు ల్యాబ్ మొత్తానికి గంపగుత్తగా ఇచ్చేది కాదు. ఏ పదార్థంలో, ఏ అంశాన్ని, ఏ పద్ధతిలో కొలవడానికి అన్నది వరసవారీగా ఉంటుంది. ఆ పట్టీ ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. తాగునీటిలో సీసం కొలవడానికి గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి మట్టిలో సీసానికి లేకపోవచ్చు. మొహమాటపడకుండా అడగండి. మంచి ల్యాబ్‌వాళ్లు ఈ ప్రశ్నకు చిరాకుపడరు, తెలిసినవాళ్లు వచ్చారని సంతోషిస్తారు.

తర్వాత అడగాల్సినవి: ఒక్కో అంశాన్ని ఎంత తక్కువ మోతాదు వరకు కొలవగలరు? క్రోమియంలో షడ్‌బలక రూపాన్ని విడిగా చూస్తారా? ఎంత మట్టి కావాలి, ఏ డబ్బాలో తేవాలి, డబ్బాలు మీరే ఇస్తారా? తీసిన ఎన్ని రోజుల్లోపు మీకు చేరాలి? ఫలితం ఎండిన మట్టి బరువు మీద ఇస్తారా? మిగిలిన మట్టిని ఎన్నాళ్లు ఉంచుతారు? జవాబులు నోటుపుస్తకంలో రాసుకోండి.

ఖర్చు గురించి కూడా ఒక కిటుకు చెప్తాను. ఐసీపీ అనే యంత్రం ఒకసారి నడిపితే చాలా లోహాలను ఒకేసారి చూస్తుంది. కాబట్టి సీసం ఒక్కటే అడిగే బదులు లోహాల ప్యాకేజీ అడిగితే బేరం మేలు. పురుగుమందులు, ద్రావకాలు వేరే యంత్రం, వేరే పని. వాటి ఖర్చు విడిగా పడుతుంది. డయాక్సిన్లు మరీ ఖరీదు, చేసే ల్యాబులూ తక్కువ. చరిత్రలో గట్టి ఆధారం లేకుండా అటు వెళ్లకండి.

4. మట్టి తీయడం: అసలు పరీక్ష ఇక్కడే

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మట్టి దగ్గర ఆ సామెత పనికిరాదు. ఆ నేలను ఎవరూ గరిటె పెట్టి కలపలేదు. డ్రమ్ము ఒలికిన చోట ఒక లెక్క, రెండు గజాల అవతల మరో లెక్క. మీరు ఎక్కడ తీశారన్నదాని మీదే జవాబు ఆధారపడుతుంది. ల్యాబ్ యంత్రం కోట్ల రూపాయలదైనా మీరు తప్పు చోట తవ్వితే దాన్ని సరిదిద్దలేదు.

ఒక లెక్క చూడండి. ఐదు చోట్ల మట్టి తీశారు. నాలుగు చోట్ల కిలో మట్టిలో సీసం 20 మిల్లీగ్రాములు, ఒక మూల మాత్రం 900. ఐదింటినీ కలిపి ఒకే నమూనాగా పంపారు. ల్యాబ్ చెప్పేది 196. మీ ఫైలులో 200 అన్న హద్దు ఉంది. “హమ్మయ్య, హద్దులోపలే!” అంటారు. ఆ మూలలోనే ఉయ్యాల పాతుతారు. కలపడం ఖర్చు తగ్గించుకోవడానికి పనికొస్తుంది, పొలమంతా ఒకే నీరు పారిన చోట, ఒకేలా దున్నిన చోట. అనుమానం ఉన్న మూలను మాత్రం ఎప్పుడూ దేనితోనూ కలపకండి.

పొలంలో అయితే వంకరటింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల ‘వి’ ఆకారంలో చిన్న గుంత తీసి, పక్క గోడ నుంచి సమానంగా మట్టి చెక్కి తీయండి. శుభ్రమైన ప్లాస్టిక్ షీటు మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేసి, మళ్లీ కలపండి. అరకిలో మిగిలేదాకా అంతే. ఇది భూసార పరీక్షకు ఊళ్లలో అందరికీ తెలిసిన పద్ధతే. తేడా పనిముట్ల దగ్గర ఉంది. తుప్పు పట్టిన పార, జీఐ బకెట్, రంగు వేసిన తాపీ వద్దు. జీఐ పూతలో ఉన్నది జింకే, రంగులో సీసం ఉండొచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలుది వాడండి. లోహాలకైతే గట్టి ప్లాస్టిక్ గరిటె ఇంకా మేలు. ఒక చోటు నుంచి ఇంకో చోటికి వెళ్లేముందు కడిగి తుడవండి. ఎరువుల బస్తా తిరగేసి అందులో మట్టి పోసే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. దయచేసి వద్దు.

డబ్బా సంగతి. చాలా లోహాలకు శుభ్రమైన ప్లాస్టిక్ సంచీ సరిపోతుంది, నెలల తరబడి నిలవుంటుంది కూడా. పాదరసానికి మాత్రం 28 రోజుల గడువు. పురుగుమందులు, నూనెల లాంటివాటికి గాజు సీసా కావాలి, ముదురు రంగుదైతే మంచిది, ఐసు పెట్టెలో పెట్టాలి. పెట్రోలు, ద్రావకాల జాతి అన్నిటికంటే మొండిది. మట్టిని కలిపినా, ఎండబెట్టినా, సంచీలో వదులుగా పోసినా అవి గాల్లో కలిసిపోతాయి. ల్యాబ్‌కి చేరేది వట్టి మట్టి. వాటికి ల్యాబ్‌వాళ్లిచ్చే ప్రత్యేక సీసాల్లో, తీసిన వెంటనే, కలపకుండా నింపాలి. వాళ్ల మనిషినే రమ్మంటే ఉత్తమం.

ఇంకో రెండు నమూనాలు తీయండి. ఈ రెండే మీ రిపోర్టుకు వెన్నెముక. చాలామంది డబ్బు దండగని వదిలేసేవీ ఇవే.

మొదటిది పోలిక నమూనా. అదే రకం నేల, కానీ కాలుష్యం చేరే అవకాశం లేని చోట. గాలికి ఎగువన, వాగుకు ఎగువన, రోడ్డుకు దూరంగా. ఎందుకంటే లోహాలు ప్రకృతిలోనూ ఉంటాయి. దక్కన్ బసాల్ట్ రాయి నుంచి పుట్టిన నల్లరేగడిలో క్రోమియం, నికెల్, రాగి సహజంగానే ఎక్కువ. గ్రానైట్ నుంచి వచ్చిన ఎర్ర చెలకలో లెక్క వేరు. పోలిక లేకపోతే మీ క్రోమియం ఫ్యాక్టరీ ఇచ్చిందా, తాతల నాటి రాయి ఇచ్చిందా తేల్చలేరు. అవతలి పక్షం లాయరు మొదట అడిగే ప్రశ్న కూడా ఇదే.

రెండోది మారు నమూనా. ఒక నమూనాను బాగా కలిపి రెండుగా చీల్చి, వేర్వేరు అంకెలు వేసి పంపండి. రెండూ ఒకటేనని ల్యాబ్‌కి చెప్పొద్దు. జవాబులు దగ్గరగా వస్తే మీ పనీ, వాళ్ల పనీ నమ్మదగ్గవే. కొంచెం తేడా సహజం. ఒకదానికి రెండింతలు ఇంకోటి వస్తే మళ్లీ చేయమని అడిగే హక్కు మీకుంది.

సంచీ మీద “కంపెనీ గోడ పక్క మట్టి” అని రాయకండి. ఎం-1, ఎం-2 చాలు. ఏది ఎక్కడిదో మీ నోటుపుస్తకంలో ఉండాలి: తేదీ, సమయం, లోతు, రంగు, వాసన, ఫోన్లో కనిపించే అక్షాంశ రేఖాంశాలు, గుంత ఫొటో. ఎవరు తీశారు, ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అన్నది ఒక కాగితం మీద సంతకాలతో నడవాలి.

జాగ్రత్త మాట: చేతికి గ్లౌజులు, కాళ్లకు బూట్లు. తవ్వుతుంటే ఘాటు వాసన కొట్టినా, వింత రంగు నీరు ఊరినా, డ్రమ్ము తగిలినా ఆపేయండి. వాసన చూసి పోల్చుకుందామన్న సరదా వద్దు. అక్కడి నుంచి అది శిక్షణ ఉన్నవాళ్ల పని.

5. ల్యాబ్‌లో ఏం జరుగుతుంది?

క్లుప్తంగా చెప్పేస్తాను. లోహాలకైతే మట్టిని ఆరబెట్టి, పొడి చేసి, జల్లెడ పట్టి, గ్రాముకు అటూ ఇటుగా తూచి, నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల్లో వేడి చేస్తారు. వచ్చిన ద్రావణాన్ని యంత్రానికి ఇస్తారు. పాదరసం ఆవిరవుతుంది కాబట్టి దానికి వేరే పద్ధతి. పురుగుమందులను ద్రావకంతో లాగి జీసీ-ఎంఎస్ అనే యంత్రం మీద చూస్తారు. కొందరు చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ తుపాకీతో అక్కడికక్కడే అంకె చూపిస్తారు. ఎక్కడ తవ్వాలో వెతకడానికి అది భలే సాధనం. కానీ కాడ్మియం లాంటివి కొద్ది మోతాదులో ఉంటే దాని కంటికి ఆనవు.

6. రిపోర్టు వచ్చింది. గుండె దడదడలాడుతోందా?

ముందు పక్కన ఉన్న ‘ఓకే’, ‘పాస్’ లాంటి మాటలు చూడకండి. ఈ వరసలో చదవండి.

కొలత ఏమిటి? కిలోకు మిల్లీగ్రాములా, మైక్రోగ్రాములా? 1,000 మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము. కిలోకు మిల్లీగ్రామునే పీపీఎం అని కూడా రాస్తారు. ఈ ఒక్క చూపు తప్పితే ప్రాణం కుదుటపడాల్సిన చోట హడలిపోతారు, హడలాల్సిన చోట నిద్రపోతారు.

ఎండు మట్టి లెక్కా, తడి మట్టి లెక్కా? నూటికి 25 పాళ్లు నీళ్లున్న మట్టిలో తడి లెక్కన 150 వస్తే ఎండు లెక్కన అది 200.

‘బీడీఎల్’ అని ఉందా? అంటే యంత్రం కొలవగలిగిన కనిష్ఠ మోతాదుకు లోపల ఉందని. లేదని కాదు. ఉదాహరణకు కాడ్మియం ఎదురుగా “బీడీఎల్, కనిష్ఠ పరిమితి 5” అని వచ్చిందనుకోండి. సాగు నేలలకు కెనడా పెట్టుకున్న మార్గదర్శక హద్దు కిలోకు 1.4 మిల్లీగ్రాములు. మీ మట్టిలో 1 ఉందో 4 ఉందో ఆ రిపోర్టు చెప్పలేదు. డబ్బు కట్టి ఖాళీ కాగితం తెచ్చుకున్నట్టే. ఫోన్లో కనిష్ఠ మోతాదు అడగమన్నది ఇందుకే.

క్రోమియం ఏ రూపంలో? మొత్తం క్రోమియానికి కెనడాలో నివాస నేలల హద్దు 64 అయితే, షడ్‌బలక క్రోమియానికి 0.4. ఒకే మూలకం, 160 రెట్ల తేడా. నల్లరేగడిలో మొత్తం క్రోమియం 64 దాటినంత మాత్రాన కంగారు పడాల్సింది లేదు. తమిళనాడు రాణిపేటలో 1995లో మూతపడ్డ క్రోమేట్ ఫ్యాక్టరీ వదిలి వెళ్లిన వ్యర్థాల గుట్ట పక్కనైతే షడ్‌బలక రూపం అడగకుండా పరీక్ష చేయించడం దండగ.

ఇక అందరూ అడిగేది: “హద్దు ఎంతండీ?” ఇక్కడ నిజం చెప్పాలి. తాగునీటికి ఉన్నట్టు మట్టికి మనకు ఇంటింటా తెలిసిన ఒకే పట్టిక లేదు. అందుకే రిపోర్టుల్లో ఇతర దేశాల హద్దులు కనిపిస్తాయి. అవీ రాతి మీద చెక్కినవి కావు. ఇళ్ల దగ్గరి మట్టిలో సీసానికి అమెరికా పర్యావరణ సంస్థ చాలా ఏళ్లు 400 పెట్టుకుని, 2024లో దాన్ని 200కి తగ్గించింది. కెనడాలో సాగుకు 70, నివాసానికి 140, పరిశ్రమలకు 600. కొడైకెనాల్‌లో 2001లో మూతపడ్డ థర్మామీటర్ ఫ్యాక్టరీ స్థలాన్ని శుభ్రం చేయడంలో మట్టిలో పాదరసం కిలోకు 20 మిల్లీగ్రాములకు దించితే చాలా, ఇంకా దించాలా అన్నదాని మీద ఏళ్ల తరబడి వాదన నడిచింది. కాబట్టి మీ రిపోర్టులో ఏ దేశం హద్దు, ఏ వాడకానికి పెట్టిన హద్దు అన్నది చూడండి. పిల్లల పార్కు మట్టిని పారిశ్రామిక హద్దుతో పోల్చి ‘పాస్’ వేసిన కాగితాలు తిరుగుతుంటాయి. ఇంకో రకం కూడా ఉంది. మట్టిని 18 గంటలు ద్రావణంలో తిప్పి, కారినదాన్ని కొలిచే టీసీఎల్‌పీ పరీక్ష చేసి, “ప్రమాదకరం కాదు” అంటారు. ఆ పరీక్ష వ్యర్థాన్ని ఎక్కడ పారేయాలో తేల్చడానికి పెట్టింది. మీ పాప అందులో కూర్చుని ఆడొచ్చా అన్నది దాని ప్రశ్న కాదు.

7. అంకె ఎక్కువే వచ్చింది. ఇప్పుడు?

ముందు కూర్చోండి. ఒక్క అంకెతో పొలం చచ్చిపోదు. ఎక్కువ వచ్చిన చోటు చుట్టూ మళ్లీ నమూనాలు తీయించి, అది ఎంత మేర, ఎంత లోతు అన్నది తేల్చుకోండి. బోరు నీళ్లు కూడా పరీక్షకు పంపండి. తాగునీటిలో సీసం, ఆర్సెనిక్ రెండింటికీ మన ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము.

ఈలోపు చేతిలో పనులున్నాయి. సీసం ఎక్కువగా దుమ్ము ద్వారా లోపలికి పోతుంది. బోడి నేలను గడ్డితోనో శుభ్రమైన మట్టితోనో కప్పండి. చెప్పులు గుమ్మం బయటే. పిల్లల చేతులు కడిగించండి. వాళ్లకు రక్తంలో సీసం పరీక్ష అవసరమేమో డాక్టరుని అడగండి. కాడ్మియం అయితే ఆకుల్లోకి ఎక్కుతుంది, కాబట్టి పాలకూర, తోటకూర, దుంపలు ఆపండి. కాయల్లోకి చేరేది సాధారణంగా తక్కువ. పుల్ల నేలల్లో సున్నం వేస్తే కాడ్మియం మొక్కకు అందడం తగ్గుతుంది. అదే చిట్కా ఆర్సెనిక్ ఉన్న చోట ప్రయోగించకండి, అది ఇంకా కదిలే ప్రమాదం ఉంది. వీడియోలో చూసిన మందు అన్ని రోగాలకూ వాడకూడదు. ఆ మట్టిని జేసీబీతో ఎత్తి చెరువు గట్టున పోయించడం, ఇటుక బట్టీకి అమ్మడం అసలే వద్దు. మీ కష్టం పక్కవాడి ఇంటికి పోతుంది, చట్టం మీ ఇంటికి వస్తుంది.

ప్లాటు ఇంకా కొనలేదా? మీ అదృష్టం. అడ్వాన్సు ఇచ్చే ముందే, మట్టి పరీక్ష ఫలితం నచ్చకపోతే డబ్బు వాపసు అన్న షరతు అగ్రిమెంట్లో రాయించండి. అమ్మేవాడు “అంతా క్లియర్ అండీ, మేం చేయించాం” అని తన రిపోర్టు చూపిస్తే, అందులో నమూనా ఎవరు తీశారన్న గడి చూడండి. “నమూనా ఖాతాదారు ఇచ్చినది” అని ఉంటే, ల్యాబ్ ఆ సంచీలోని మట్టికే పూచీ. ఆ ప్లాటుకు కాదు.

ఫిర్యాదు చేయాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. మీరు తీయించిన రిపోర్టు అధికారులను కదిలించడానికి గట్టి ఆధారం. కానీ 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద అధికారికంగా తీసే నమూనాకు వేరే తంతు ఉంది. నోటీసు ఇవ్వాలి, స్థలం యజమాని సమక్షంలో తీయాలి, సీలు వేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి, గుర్తించిన ల్యాబ్‌కి పంపాలి. అందుకే అర్జీలో “మా రిపోర్టు చూసి చర్య తీసుకోండి” అని ఆపేయకుండా “చట్టప్రకారం నమూనాలు తీసి పరీక్షించండి” అని అడగండి. 2025లో కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం ప్రత్యేక నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల సమాచారం జిల్లా యంత్రాంగం నుంచి కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లాలి, మండలి ప్రాథమిక అంచనా, తర్వాత వివరమైన సర్వే చేయాలి. మీ అర్జీ కలెక్టరేట్‌కి ఒకటి, మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఒకటి ఇచ్చి, రెండింటికీ రసీదు తీసుకోండి. సర్వే నంబరు, నేల చరిత్ర ఒక పేజీ, నమూనాల పటం, పోలిక నమూనా ఫలితంతో సహా రిపోర్టు నకలు జత చేయండి. అర్జీ వేసిన రోజే ల్యాబ్‌కి ఉత్తరం రాసి, మిగిలిన మట్టి పారేయకుండా ఉంచమనండి. గడువు దాటితే వాళ్లు పారేస్తారు, అడిగితే చాలావరకు ఉంచుతారు.